పడని మందు

ఢిల్లీ అంచున ఉన్న ఆ ఆసుపత్రిలో డాక్టర్లు భానుశ్రీని ఎదురుగా మేడమ్ అనేవారు, వెనకాల దారోగా, అంటే పోలీసు ఎస్సై, అనేవారు. ఏ రోగికి ఏ యాంటీబయాటిక్ ఇస్తున్నారు, ఎందుకిస్తున్నారు, ఎప్పుడు ఆపుతారు అని వార్డు వార్డుకీ తిరిగి అడగడం ఆమె ఉద్యోగం. ఫార్మసీ చదువుకున్న పిల్ల వచ్చి నిలదీస్తే ఎవరికి మాత్రం ఇష్టం? అందులోనూ లిఫ్టు పక్క గోడ మీద తమ ఫొటోలు నిలువెత్తున పెట్టించుకున్న పెద్ద డాక్టర్లకి! దగ్గు వచ్చినా జ్వరం వచ్చినా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టు గట్టి మందులు రాసేస్తారు. రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చిననాడు ఆ మందులు పనిచేయవని ఆమె పోట్లాట. దారోగా అన్న మాట చెవిన పడినప్పుడు పైకి విసుక్కునేది గానీ, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ సోమవారం పొద్దున ఎమర్జెన్సీవాళ్ళకి ఆమె తెలుగుతో పనిపడింది. వైశాలి మెట్రో స్టేషను మెట్ల మీద పడిపోయిన ఒకావిడని తోటి ప్రయాణికులు ఆటోలో తీసుకొచ్చారు. పేరు గౌరి. కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగు పిల్లలకి ఆంధ్రా మెస్ నడుపుతుంది. ఢిల్లీ వచ్చి ఎన్నో ఏళ్ళయిన మనిషి, మండీలో కూరగాయలవాళ్ళతో హిందీలో గీచి గీచి బేరమాడగల మనిషి, జ్వరం నెత్తికెక్కేసరికి హిందీ మొత్తం మరిచిపోయి గుంటూరు తెలుగులో పలవరిస్తోంది. బీపీ పడిపోతోంది. కుడి ముంజేతి మీద గారెల నూనె చిందిన గాయం, గాయం మీద పసుపు, పసుపు మీద టూత్‌పేస్టు. చుట్టూ మోచేతి దాకా ఎర్రగా వాచి ఉంది. జూనియర్ డాక్టరు మందు సీసాని కొక్కేనికి తగిలించి, గొట్టం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

భానుశ్రీ మంచం మీదికి వంగింది. “అక్కా, నేను భానుశ్రీ. మనోళ్ళమే, మాది హన్మకొండ. నీకు పడని మందు ఏదన్న ఉన్నదా?”

గౌరి కళ్ళు సగం తెరిచింది. “పెన్సిలిన్ పడదమ్మాయ్. మా కావేరి పుట్టినప్పుడు ఏశారు. చచ్చి బతికా.”

సీసాలో ఉన్నది ఆ జాతి మందే. భానుశ్రీ చెయ్యి అడ్డం పెట్టింది.

“రుకో! పెన్సిలిన్ ఎలర్జీ. సివియర్. మర్తే మర్తే బచీ హై.” చావు అంచుదాకా వెళ్ళి బతికిందని హిందీలో చెప్పింది.

సీసా దించేశారు. దాని బదులు వాంకోమైసిన్ అనే వేరే జాతి మందు, అది మూత్రపిండాలని కాస్త కనిపెట్టుకుంటూ ఇవ్వవలసిన మందు, మొదలుపెట్టారు. సిస్టర్ జెస్సీ గౌరి ఎడమ మణికట్టుకి ఎర్ర బ్యాండు చుట్టి టక్కున నొక్కింది. ఎర్ర బ్యాండంటే అక్కడ లక్ష్మణరేఖ. అది ఉంటే ఆ జాతి మందుని ఎవరూ ముట్టుకోరు, రాద్దామన్నా కంప్యూటరు ఒప్పుకోదు. జూనియర్ డాక్టరు నుదుటి చెమట తుడుచుకుని, “ఆజ్ తో ఆప్ నే బచా లియా, మేడమ్,” అన్నాడు, ఇవాళ మీరే కాపాడారని. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లోని రాజ్మా చావల్ కూడా భానుశ్రీకి రుచిగా అనిపించింది.

రక్తపరీక్ష ఫలితం గురించి లాబ్ నుంచి డాక్టర్ సునంద ఫోన్ చేసింది. ఏ క్రిమి ఏ మందుకి చస్తుందో తేల్చి చెప్పే లాబ్‌కి ఆవిడే పెద్ద. ఆసుపత్రి మొత్తంలో భానుశ్రీతో తెలుగులో మాట్లాడే డాక్టరు ఆవిడొక్కతే.

“మీ మెస్ ఆవిడ రక్తంలో దొరికింది మామూలు స్టాఫిలోకాకస్ క్రిమేనమ్మా. చర్మం మీద బతికేది. కాలిన గాయంలోంచి లోపలికి పోయింది. ఆ రోజు ఆపేసిన పెన్సిలిన్ జాతి మందుకి ఇట్టే చస్తుంది. వాంకోమైసిన్‌కీ చస్తుంది గానీ, నిదానంగా. అంత నిదానం మనకి పనికిరాదు.”

“ఎందుకు మేడమ్?”

“రక్తంలో తిరుగుతూ ఉంటే వెళ్ళి గుండె కవాటం మీద కూర్చుంటుంది. అప్పుడిక మందులతో పోయేది కాదు. ఆ పాత మందే ఇవ్వగలిగితే ఎంత బాగుండేది!”

“చచ్చి బతికిందట మేడమ్. నేనే అడిగిన.”

“ఖర్మ,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

తర్వాతి రోజుల్లో గౌరి జ్వరం దిగినట్టే దిగి మళ్ళీ ఎగిసింది. రెండోసారి తీసిన రక్తంలోనూ క్రిమి అలాగే ఉంది. మూత్రం తగ్గింది. పాదాలు వాచాయి. ధౌలా కువాన్‌లో డిగ్రీ చదివే ఆవిడ కూతురు కావేరి కాలేజీ మానేసి మంచం పక్కనే కూర్చుంటోంది. తల్లి తెలుగులో అడిగినవాటికి హిందీలో జవాబు చెప్తూ, తల్లి పాదం మీద బొటనవేలితో నొక్కి, సొట్ట ఎంతసేపటికి పూడుతుందో చూస్తోంది. అలా చూడమని ఏ నర్సు చెప్పిందో ఏమో, గంటకోసారి అదే పని. భానుశ్రీ కనిపిస్తే చాలు, “దీదీ, మమ్మీ ఠీక్ క్యోం నహీ హో రహీ?” అని, తల్లికి ఎందుకు తగ్గడం లేదని, అడుగుతోంది. లిఫ్టు దగ్గర ఆ అమ్మాయి ఎదురుపడుతుందేమోనని భానుశ్రీ ఆ వార్డుకి వెళ్ళేటప్పుడు మెట్ల దారి పట్టడం మొదలుపెట్టింది.

గౌరిని చూస్తున్నది డాక్టర్ సహగల్. ఆయనకీ భానుశ్రీకీ మధ్య ఉప్పూ నిప్పూ. ఒక ఉదయం ఆయన వాంకోమైసిన్ ఆపి, ఆసుపత్రిలో ఆఖరి వరసలో దాచి ఉంచుకునే మందొకటి రాయబోతుంటే ఆమె అడ్డం వెళ్ళింది.

“సర్, ఆ మందు దేనికీ లొంగని క్రిములకోసం దాచుకున్నది. ఇది సాదా క్రిమి.”

సహగల్ కలం మూత పెట్టాడు. ఆయనకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. “నాకూ తెలుసు. సాదా క్రిమికి సాదా మందు ఇవ్వాలనీ తెలుసు. వాంకోమైసిన్‌తో కిడ్నీలు పోతున్నాయి. మంచి దారికి ఎర్ర బ్యాండు కట్టి ఉంది. మూడోది నువ్వు వద్దంటున్నావు. అచ్ఛా, దారోగా సాహిబా, నువ్వే చెప్పు. ఏం ఇవ్వమంటావు?”

చుట్టూ జూనియర్లున్నారు.

“ఒక్క పూట ఆగండి సర్,” అంది భానుశ్రీ.

“పూట నాది కాదు, ఆవిడది,” అని ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయాడు. అయినా రాయడం మాత్రం ఆపాడు.

ఆ పూట ఏం చేయాలో తెలియకే ఆమె గౌరి మంచం దగ్గరికి వెళ్ళింది. జ్వరం కాస్త దిగిన వేళ. కావేరి కిందికి టీకి వెళ్ళింది. గౌరి ఉబ్బిన మొహంతో దిండుకి ఆనుకుని కిటికీలోంచి ఫ్లైఓవర్ మీది బస్సుల్ని చూస్తోంది.

“మెస్సులో సాంబారు ఎవరు కాస్తన్నారో ఏందో,” అంది.

“పిల్లలే తలా ఒక చెయ్యి వేస్తున్నరంట అక్కా.”

“వాళ్ళా! వాళ్ళ సంగతి నాకు తెలీదా?” గౌరి గొంతులో కాస్త జీవం వచ్చింది. “ఒకడికి వంకాయ పడదు. ఒకడికి గోంగూర పడదు. ఇంకోడికి పెరుగే పడదంట. చేరేటప్పుడు ప్రతివాడూ ఒకటి చెప్తాడు. ఎవురు చెప్పార్రా అంటే మా అమ్మ చెప్పిందంటాడు. సరేలే అంటా. నాలుగు రోజులు పొయ్యాక వంకాయ పప్పులో మెదిపి వడ్డిస్తే, ఆంటీ ఇంకొంచెం అని గిన్నె గోకుతాడు.”

భానుశ్రీ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. “పడిపోయినవ్ కదా, ఆ పొద్దున్నుంచేనా నీకు బాగలేనిది?”

“ముందురోజు నించే. పడుకుంటే మెస్సెట్టా నడుస్తది? మండీకని కరోల్ బాగ్‌లో మెట్రో ఎక్కబోతే ఆ తోపులాటలో ఈ చెయ్యి నలిగింది చూడు, చచ్చి బతికాననుకో.”

దుప్పటి సర్దుతున్న భానుశ్రీ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చచ్చి బతికా. ఆ మాట ఆమె పుట్టినప్పటినుంచీ వింటోంది. బ్యాంకులో లైను పెద్దదిగా ఉంటే వాళ్ళమ్మ సచ్చి బతికేది. ఎండాకాలం పెళ్ళికి వెళ్ళొస్తే మేనత్త సచ్చి బతికేది. పోయిన వారం ఆనంద్ విహార్ దగ్గర బస్సు కదలకపోతే, “సచ్చి బతికిన అమ్మా,” అని భానుశ్రీ తానే ఫోన్లో అంది. తెలుగువాళ్ళు రోజుకి పదిసార్లు చచ్చి పదిసార్లు బతుకుతారు. అది తెలియని ఏ హిందీ డాక్టరో పొరబడితే సరే. ఆమెకేమైంది? తెలుగు వచ్చని పిలిస్తే వెళ్ళి, ఆ తెలుగుమాటని తెలుగుమాటగా వినకుండా హిందీలోకి పట్టుకెళ్ళి పడేసింది.

“అక్కా,” అంది. “పెన్సిలిన్ పడలేదన్నవు కదా. అప్పుడు ఏమైంది నీకు? ఒళ్ళంతా దద్దుర్లు లేచినయా?”

“లేదే.”

“మొహం వాచిందా? ఊపిరాడలేదా? స్పృహ తప్పిందా?”

“అయ్యేం లేవమ్మాయ్. వేడి చేసింది. నోరంతా పూసింది. బాలింతని, కారప్పొడి అన్నం తప్ప ఇంకోటి పెట్టరు, నోట్లో పెట్టుకుంటే మంట, చచ్చి బతికా. మజ్జిగ పొయ్యమంటే బాలింతకి పొయ్యకూడదని మా అత్త ఒకటే గోల. ఆమె పడుకున్నాక దొంగతనంగా రెండు గళాసులు తాగితే తగ్గింది. అప్పట్నుంచీ ఆ మందు నాకు పడదు.”

భానుశ్రీ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ రోజు ఎమర్జెన్సీలో ఈ నాలుగు ప్రశ్నలూ అడగడానికి ఎంతసేపు పట్టేది? డాక్టర్లని ఎందుకిస్తున్నారు, ఎందుకిస్తున్నారు అని గుచ్చి గుచ్చి అడిగే నోరు, తన దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న అడగలేదు. గురివింద తన కింది నలుపు ఎరగదంటారు. ఆమె నలుపు గౌరి మణికట్టుకి ఎర్రగా చుట్టుకుని ఉంది.

కావేరి టీ కప్పుతో వచ్చింది. భానుశ్రీ లేచి ఆ అమ్మాయిని వరండాలోకి తీసుకెళ్ళింది.

“మీ అమ్మ ఈ మధ్య వేరే యాంటీబయాటిక్ ఏదన్న తిన్నదా? గుర్తు తెచ్చుకో, జెర మంచిగ.”

కావేరి కనుబొమలు ముడిచింది. “పిఛ్లే సాల్ దాంత్ నిక్‌లవాయా థా. తబ్ కెమిస్ట్ అంకుల్ నే క్యాప్సూల్ దియే థే. పూరే హఫ్తే ఖాయే.” పోయినేడు పన్ను పీకించుకున్నప్పుడు మందుల షాపాయన ఇచ్చిన గుళికలు వారమంతా వేసుకుందట.

కరోల్ బాగ్‌లో మెస్ పక్కనే ఆ మందుల షాపు. కావేరి నంబరు కలిపి ఇచ్చింది. భానుశ్రీ తానెవరో చెప్తే, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మినందుకు ఏదో తనిఖీ అనుకుని అతను ముందు బెదిరిపోయాడు. ఇలాంటి షాపుల మీద ఆమె ఎన్ని మీటింగుల్లో విరుచుకుపడిందో! ఇప్పుడు అదే షాపువాణ్ణి, “భయ్యా, ప్లీజ్, మిమ్మల్ని ఏమీ అనను, అప్పుడేమిచ్చారో ఒక్కటి చెప్పండి,” అని బతిమాలుతోంది.

“అమాక్సిసిలిన్, మేడమ్. ఆంటీ పంటినొప్పికి ఎప్పుడూ అదే ఇస్తాను.”

అమాక్సిసిలిన్ పెన్సిలిన్‌కి సొంత చెల్లెలు. దాన్ని వారం పాటు మింగి, గౌరి గారెలు వేసుకుంటూ తిరిగింది.

సహగల్ గదిలో భానుశ్రీ అంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “అంటే ఎలర్జీ లేనే లేదు. ఫ్యామిలీయే తప్పు చెప్పి ఉంటుంది. వీళ్ళింతే. నోటికొచ్చింది చెప్తారు,” అన్నాడు.

దారి ఆయనే చూపించాడు, నున్నటి దారి. అవును సర్ అంటే చాలు. అబద్ధం కూడా కాదు, పడదన్నది గౌరే కదా. భానుశ్రీకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దారోగా అన్న పేరు, వార్డులో తన మాటకున్న విలువ, అన్నీ ఆ రెండు ముక్కలతో నిలబడతాయి. ఆశ పుట్టిన మాట నిజం. ఆ ఆశ మీద ఆమెకే అసహ్యం వేసింది.

“ఫ్యామిలీ కాదు సర్. సివియర్ అని చెప్పింది నేను. ఆమె చెప్పింది పడదని. ఏమైందని నేను అడగలేదు. చచ్చి బతికానంటే మా భాషలో చాలా కష్టపడ్డానని. నేను దాన్ని నిజం చావు చేసి మీకు చెప్పాను.”

సహగల్ ఆమె వైపు చూశాడు. ఎగతాళి చేస్తాడనుకుంది. చేస్తే బాగుండుననుకుంది. ఆయన ఫోన్ తీసి వార్డుకి చెప్పాడు. “బెడ్ పక్కకి ఎమర్జెన్సీ ట్రే తెప్పించు. టెస్ట్ డోస్ ఇద్దాం.” తర్వాత ఆమెతో అన్నాడు. “పక్కన నువ్వు ఉండాలి. ఈసారీ పొరబడి ఉంటే ఏమవుతుందో నీకు తెలుసు కదా?”

తెలుసు. చదువుకున్నది అదే. పొరబడి ఉంటే గొంతు మూసుకుపోతుంది, బీపీ పాతాళానికి పోతుంది. అసలే నీరసించిన మనిషి. వార్డుకి నడుస్తూ భానుశ్రీ విన్నవన్నీ మళ్ళీ ఒకసారి లెక్క చూసుకుంది. షాపువాడు వేరెవరి మందో గుర్తు పెట్టుకుని చెప్పి ఉంటే? గౌరి మరిచిపోయినది ఏదైనా ఉంటే? మొదట అడక్క తప్పు చేసింది, ఇప్పుడు అడిగి తప్పు చేస్తోందేమో!

జెస్సీ అడ్రినలిన్ సిరంజి నింపి, మూత తీయడానికి వీలుగా ట్రేలో పెట్టింది. ఆక్సిజన్ మాస్కు విప్పి తలగడ పక్కన ఉంచింది. గౌరికి సంగతి చెప్పారు. పాత మందే, కొద్దిగా ఇచ్చి చూస్తామని.

“కొద్దిగా వడ్డించి చూస్తారా? చూడండి,” అంది గౌరి. మాట తేలిగ్గా అంది గానీ కూతురి చెయ్యి వదల్లేదు.

కాస్త మందు లోపలికి వెళ్ళింది. సహగల్ మంచం కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భానుశ్రీ మానిటర్ మీది పచ్చ అంకెల్ని చూస్తూ నిలబడింది. బీపీ అలాగే ఉంది. నాడి కొద్దిగా పెరిగింది. భయంతో పెరిగిందా, మందుతోనా?

గౌరి మెడ గోక్కుంది.

జెస్సీ చెయ్యి సిరంజి మీదికి వెళ్ళింది. సహగల్ ఒక్క అడుగులో దగ్గరికొచ్చి మెడ మీద లైటు వేశాడు. “ఖుజ్లీ హో రహీ హై? సాఁస్ ఠీక్ హై?”

భానుశ్రీ గౌరి మొహంలోకి వంగి, ఒక్కొక్క మాటా కూడదీసుకుని అడిగింది. “అక్కా, దురద పెడుతున్నదా? ఎక్కడ? ఎట్ల ఉన్నది? సరిగ్గ చెప్పు.”

గౌరి ఇంతమంది తన మెడని ఎందుకు చూస్తున్నారో అర్థంకాక తెల్లబోయింది. “ఈ గౌను కుట్టు గుచ్చుకుంటంది. పొద్దుట్నుంచీ అంతే.”

కావేరి గౌను మెడ పక్కకి జరిపింది. చర్మం మీద కుట్టు అచ్చు పడి ఉంది. అంతే, దద్దురు లేదు, వాపు లేదు. సహగల్ లైటు ఆర్పి జేబులో వేసుకున్నాడు. ఇంకాస్త మందు ఇచ్చారు. ఇంకాసేపు చూశారు. గౌరికి ఆకలేసింది.

“పూరా డోస్ షురూ కరో,” అన్నాడు సహగల్. వెళ్తూ వెళ్తూ భానుశ్రీ పక్కన ఆగాడు. “రేపటి రౌండుకి రా. నా మిగతా పేషెంట్ల ఎర్ర బ్యాండులన్నిటి గురించీ నువ్వే అడుగు. ఏమైందో అడుగు,” అన్నాడు. దారోగా అనలేదు.

జ్వరం ఈసారి దిగి మళ్ళీ ఎగరలేదు. రక్తం శుభ్రమైంది. గుండె కవాటాలు బాగున్నాయని తేలాక సునంద లాబ్‌లోంచి లేచి వచ్చి మరీ గౌరిని చూసి వెళ్ళింది. మూత్రపిండాలు మాత్రం తొందరగా మాట వినలేదు. డయాలసిస్ దాకా పోకుండా ఆగాయంతే. ఇంటికి పంపే రోజున జూనియర్ డాక్టరు కావేరికి జాగ్రత్తలు చెప్పాడు. చేతికి పెట్టిన సన్నగొట్టం ద్వారా ఇంటిదగ్గర నర్సు చేత మందు కొనసాగించాలి. ఉప్పు దాదాపు మానేయాలి. ఎప్పటిదాకా అంటే ఇప్పుడే చెప్పలేం అన్నాడు.

భానుశ్రీ కత్తెరతో వచ్చింది. గౌరి సొంత చీర కట్టుకుని, కాళ్ళు కిందికి వేలాడేసి మంచం మీద కూర్చుని ఉంది. ఎర్ర బ్యాండు కత్తిరిస్తే దాని కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది.

“ఇదేందో మొక్కుతాడు అనుకున్నా, అమ్మాయ్. ఎందుకు కట్టినట్టు?”

సహగల్‌కి చెప్పడమే కష్టమనుకుంది గానీ, దీని ముందు అది ఏపాటి! భానుశ్రీ స్టూలు లాక్కుని కూర్చుని, మొదటినుంచీ చెప్పింది. ఆ రోజు సీసాలో ఉన్నది సరైన మందేనని. చెయ్యి అడ్డం పెట్టింది తనేనని. అది ఎక్కి ఉంటే కాళ్ళకి ఈ వాపులు వచ్చేవి కావేమోనని.

కావేరి ఫోన్లోంచి తలెత్తింది. తెలుగు మాట్లాడని పిల్లకి ప్రతి ముక్కా అర్థమైంది. “ఆప్ నే? మైఁ రోజ్ ఆప్ సే పూఛ్ రహీ థీ! రోజ్!” అంది, రోజూ అడిగింది మిమ్మల్నే కదా అని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భానుశ్రీ తల దించుకుంది. గౌరి కూతురి మోకాలి మీద చెయ్యి వేసి ఊరుకోమంది. ఊరుకోమని కూతురికి చెప్పింది గానీ తాను మాత్రం భానుశ్రీ వైపు చూడకుండా తన పాదాల వైపు చూసుకుంటూ కూర్చుంది.

“అడగొచ్చుగా అమ్మాయ్,” అంది. “ఒక్క మాట. అడగందే అమ్మయినా పెట్టదంటారే.”

“అడగలే అక్కా.”

“నేనూ తిన్నగా చెప్పలా. నోరు పూసిందని చెప్తే పొయ్యేది.” గౌరి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. “ఆ సంగతి పోనియ్. ఉప్పు వద్దంటన్నారే, ఉప్పు చూడకుండా వంటెట్టా చేసేది? సాంబారు దించే ముందు అరచేతిలో చుక్క ఏసుకుని నాలిక్కి తగిలిస్తేనే గదా నాకు తెలిసేది. అయిదు కూరలకి అయిదు చుక్కలు. అంతమంది పిల్లలు తినాలి.”

కిడ్నీలు కోలుకుంటాయని పుస్తకంలో ఉన్నది చెప్పబోయి భానుశ్రీ మానేసింది. కావేరి సంచీ భుజానికి తగిలించుకుని, ఆటోకి ఫోన్ చేస్తూ బయటికి నడిచింది. గౌరి నేల మీదికి దిగి, వాచిన పాదాల్ని చెప్పుల్లోకి ఒక్కొక్కటే దూర్చుకుంది. భానుశ్రీ చెయ్యి అందిస్తే పట్టుకుంది. లేచాక కూడా వదల్లేదు.

“నేను పొయ్యి దగ్గరికి పోయిన్నాడు ఫోన్ చేస్తా. వచ్చి ఉప్పు నువ్వు చూడు. ఆదివారాలు సెలవేగా నీకు?”

“వస్త అక్కా. ప్రతి ఆదివారం వస్త.”

“సరిపోయిందని ఊరికే తలూపమాక. ఎంత సరిపోయింది, ఎక్కడ తగ్గింది, అన్నీ అడుగుతా నిన్ను. నీలాగా ఊరుకోను.”